ఏటి కావలియొడ్డువారు

సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడు ప్రాంతమున, మనూరు మండలమునకు చేరిన బోరంచ యను గ్రామము మంజీరానది యొడ్డున నున్నది. అచ్చట నల్లపోచమ్మ తల్లి వెలసియున్నది. ఆ తల్లికి మ్రొక్కులు చెల్లించుటకు మన జిల్లావారే గాక కర్ణాటక, మహారాష్ట్రముల నుండియు జనులు వత్తురు. జాతర దినములలో నచ్చటికి పోయిన సోదరీమణులకు నేను చెప్పబోవు విషయము క్రొత్తది గాదు. చెట్టు క్రింద మూడు రాళ్లు పెట్టి నైవేద్యము వండుకొను కుటుంబములలో నొకటి తెలుగు మాటలాడును. దాని ప్రక్కది కన్నడము. ఆ ప్రక్కది మరాఠీ. తండాలనుండి వచ్చిన లంబాడీ స్త్రీలు తమలో తాము గోర్ బోలీలో ముచ్చటించుకొందురు. గాజులబేరము దక్కనీ ఉర్దూలో సాగును. ఉప్పు మరచివచ్చిన యిల్లాలు ప్రక్కపొయ్యి యామె నడిగి తెచ్చుకొనుటకు దుబాసి యెవ్వరును వలదు.

ఈ యిల్లాండ్ర బిడ్డలు బడికి పోవుచున్నారు. ఖండముల పేర్లు, దూరదేశముల రాజధానుల పేర్లు తడుముకొనక చెప్పుదురు. సంతోషమే. కాని ఏటి కావలియొడ్డున నున్నవా రెవరు, వారి పండుగ లేవి, వారి మాటకును మన మాటకును గల చుట్టరిక మేమి యని యడిగినచో తెల్లబోవుదురు. అంతమాత్రమైన నేమో యనుకొందును. పట్టణపు దుకాణములో అవ్వ కన్నడము కలిసిన తెలుగున ధర యడుగగా, సిగ్గుపడి, "ఊరకుండుము" అని ఆమె కొంగు పట్టి లాగిన మనుమరాలిని నేను చూచితిని. అవ్వ మరి మాటలాడలేదు. ఇంటికి వచ్చువరకును మాటలాడలేదు. ఆ మౌనమే నాచేత నీ వ్యాసము వ్రాయించుచున్నది.

భిన్నసంస్కృతుల వారిని గ్రహించుట, దేశప్రాంతముల స్వరూపమును చదువుట అనునవి యిప్పుడు పెద్ద విద్యలుగా నెన్నబడుచున్నవి. ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో యునెస్కో సంస్థ పుట్టినది. 1953లో ఆ సంస్థయే పలుదేశముల పాఠశాలలను కూర్చి, అన్యదేశములను గూర్చి స్నేహభావముతో నేర్పు పద్ధతి నారంభించెను. కూతురు అమెరికాలో, అల్లుడు దుబాయిలో నుండగా సెల్‌ఫోనులో వారి ముఖములు చూచుచు మాటలాడు ఈ కాలమున నట్టి చదువు వలదని యెవరందురు? నా సందేహమెల్ల ఆరంభము నెచ్చట పెట్టవలయునను దానిని గూర్చియే. జపానువారి తేనీటి మర్యాదను పుస్తకములో చదివిన పిల్ల, పొరుగు తండాలోని తీజ్ పండుగను చూచి నవ్వినచో ఆ చదువెక్కడ నిలిచినట్లు?

నారాయణఖేడు సీమవారికి ఈ చదువు పుస్తకములో వెదకవలసిన పని లేదు. వారి ఊరి చరిత్రమే పాఠము. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము నారాయణఖేడు తాలూకా హైదరాబాదు రాష్ట్రమున బీదరు జిల్లాలోనిది. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ ఆ జిల్లాలో నిరుగుపొరుగు భాషలు. రాష్ట్రముల పునర్విభజన నాడు ఆ జిల్లాను మూడు ముక్కలు చేసిరి. నారాయణఖేడు తాలూకాయు, నిర్ణా భాగము తప్ప జహీరాబాదు తాలూకాయు, న్యాలకల్ భాగమును ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. అహమద్‌పూరు, నిలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1960 నుండి మహారాష్ట్రమున నున్నవి. తక్కినది మైసూరు రాష్ట్రమునకు చెందెను; దానికే 1973లో కర్ణాటక మని పేరు మారినది. ఆ పిమ్మట మనవైపు 2014లో తెలంగాణము, 2016లో సంగారెడ్డి జిల్లా యేర్పడినవి. పొలము కదలలేదు, బావి కదలలేదు. ఉద్గీరునుండి యీ సీమకు కోడలై వచ్చిన స్త్రీ మాత్రము ఒక దినము ప్రొద్దున లేచునప్పటికి పరరాష్ట్రపు ఆడుబిడ్డ యయ్యెను.

ఇందులో నవ్వుకొనదగినదియు, కంట నీరు పెట్టదగినదియు నొకటి కలదు. లంబాడీలు తెలంగాణమున షెడ్యూల్డు తెగలలో నున్నారు; 1976 నాటి చట్టసవరణ వలన వారికీ స్థానము కలిగెను. కర్ణాటకమున వారే షెడ్యూల్డు కులములలో లెక్కింపబడుచున్నారు. మహారాష్ట్రమున విముక్తజాతులలో చేర్పబడిరి. భాష యొకటే, సేవాలాల్ మహారాజున కొనర్చు పూజ యొకటే, అద్దాలు కుట్టిన రవిక యొకటే. మూడు ప్రభుత్వముల కాగితములలో మూడు తెగలు. పెండ్లిండ్లు మాత్రము ఈ కాగితములను చూచి జరుగవు గదా.

ఒకరి భాష నొకరు తక్కువగా చూచుట వలన నేమి జరుగునో తెలుపు వృత్తాంతము మన హైదరాబాదులోనే కలదు. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాట్యశాలయందు నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. అధ్యక్షులెవరనుకొన్నారు? మహర్షి కార్వే గారు. వితంతువుల కొరకు పూనాలో 1896లో ఆశ్రమము స్థాపించి, 1916లో స్త్రీలకు ప్రత్యేక విశ్వవిద్యాలయమును నెలకొల్పిన మహనీయుడు. తానే యొక వితంతువును వివాహమాడిన ధీరుడు. అట్టివారి యధ్యక్షత క్రింద సంఘసంస్కారము కొరకు కూడిన విద్యావంతుల సభయది. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసములు సాగినవి. అందరును విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగున మాటలాడ నారంభింపగనే సభలో కేకలు, వెక్కిరింతలు చెలరేగినవి. ఆ రాష్ట్రప్రజలలో తెలుగు మాటలాడువారే యధికసంఖ్యాకులు. వారి భాష వారి రాజధానిలోనే నవ్వులపాలయ్యెను.

అవమానము పొందిన తెలుగువారు కొందరు వెంటనే కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు గారి వంటివారు దానికి ప్రాణము పోసిరి. గ్రంథాలయములు, పాఠశాలలు, పరిశోధనలు బయలుదేరినవి. ఆ సంఘమే పెరిగి 1930లో జోగిపేటలో తొలి నిజామాంధ్రమహాసభగా సమావేశమైనప్పుడు సురవరము ప్రతాపరెడ్డి గారు అధ్యక్షత వహించిరి. అదే సమయమున అచ్చటనే జరిగిన ఆంధ్రమహిళాసభకు నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. ఆ జోగిపేట నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. మన నారాయణఖేడువారికి పరాయియూరు కాదు.

ఈ కథను చెప్పునప్పుడు మనవారు సాధారణముగా రోషముతో ముగింతురు. నాకు మరియొక తలంపు కలుగును. వెక్కిరించినవారు దుర్మార్గులు కారు. చదువుకొన్నవారు, స్త్రీల మేలు కోరి వచ్చినవారు. పొరుగువాని భాషలోను కవులున్నారని, గౌరవమున్నదని వారికెవ్వరును నేర్పలేదు, అంతే. మరి మన మేమి నేర్పుచున్నాము? తండానుండి బడికి వచ్చిన బాలిక తెలుగు పలుకుటలో తడబడినచో మన పిల్లలు వెనుకనుండి అనుకరించి నవ్వుదురు. ఉపాధ్యాయుడును ఒక్కొక్కప్పుడు చిరునవ్వు నవ్వును. 1921 నాటి నాట్యశాల ప్రతియూరి బడిలోను నున్నది. కుర్చీలలో కూర్చుండువారు మాత్రము మారిరి.

ఆ సంవత్సరముననే డిసెంబరు నెలలో శాంతినికేతనమున రవీంద్రనాథ ఠాకూరు గారు విశ్వభారతిని లోకమునకు సమర్పించిరి. చీనా, టిబెటు దేశముల విద్యలకును, ఐరోపా పండితులకును అచ్చట తావు దొరకెను. ఒక్క నెల యెడముతో మన దేశముననే రెండు సభలు! పిల్లలకు ఈ రెండింటిని కలిపి చెప్పిన బాగుండునని నా యభిప్రాయము.

ఇక బీదరు మాట. మన ఖేడు సీమవారు బియ్యము, బట్టలు, వైద్యము మొదలగు పనులకై బీదరు పోయివచ్చుచునే యుందురు. కోట చూతురు, నానక్ ఝీరాలో నీరు త్రాగుదురు. ఆ యూరి నడుమ సగము కూలిన పెద్ద మదరసా యొకటి కలదు. 1472లో దానిని కట్టించినవాడు మహమూద్ గవాను. అతడు పారసీకదేశమున గీలాను ప్రాంతమువాడు. వర్తకమునకై వచ్చి బహమనీ సుల్తానులకు ప్రధానమంత్రి యయ్యెను. దూరదేశముల పండితులను పిలిపించి, గొప్ప గ్రంథాలయము నేర్పరచి, ముందువైపు గోడలకు రంగురంగుల పింగాణీపలకలు తాపించెను. రష్యాదేశమునుండి అఫనాసీ నికితిన్ అను వర్తకుడు బీదరు చేరి, తాను చూచిన వింతలను వ్రాసియుంచినదియు ఆ శతాబ్దముననే. అనగా మనము నేడు లోకమంతయు దగ్గరయైనదని చెప్పుకొనుచున్నాము గాని, మన పొరుగూరికి లోకము అయిదువందలయేండ్ల క్రిందటనే వచ్చి దిగినది.

వచ్చిన లోకమును భరించుటయే కష్టమయ్యెను. ఆ కొలువులో ఈ నేలను పుట్టిన దక్కనీ సరదారులకును, పైదేశములనుండి వచ్చినవారికిని పడదు. గవాను రెండుపక్షములకును సమముగా పదవులు పంచి, తగవు తీర్పజూచెను. అతని శత్రువులు కపటోపాయమున అతని ముద్ర వేయించిన తెల్లకాగితముపై రాజద్రోహపు జాబును వ్రాసి సుల్తానునకు చూపిరి. 1481లో సుల్తాను విచారణయైనను లేక ముసలిమంత్రిని చంపించెను. తరువాత నిజము తెలిసినది. రాజ్యము మాత్రము నిలువలేదు. కొలది యేండ్లకే సుబేదారులు ఎవరికి వారే స్వతంత్రులైరి. ఆ మదరసాగోడ ప్రక్కన నిలిచి పిల్లలకీ కథ చెప్పు తల్లి యున్నచో, ఆమెకు వేరే పాఠ్యపుస్తకము వలదు. విహారయాత్రకై పోయి ఛాయాచిత్రములు మాత్రము తీయించుకొని మరలివచ్చుట చూచినప్పుడెల్ల నాకు విచారము కలుగును.

బీదరు జిల్లాలోనే బసవకల్యాణము కలదు. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు, అక్కమహాదేవి మొదలగు శరణులు కూడిన చోటది. చాకలి, చెప్పులు కుట్టువాడు, పడవ నడుపువాడు, స్త్రీ అను భేదము లేక అనుభవమును పంచుకొనిరి. ఆ కన్నడశరణుల కథను పదుమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు తెలుగున ద్విపదలో బసవపురాణముగా రచించెను. కన్నడమువారు తమ మహాపురుషుని పురాణమును తెలుగునుండి తెచ్చుకొనిరి: 1369లో భీమకవి ఆ గ్రంథమును కన్నడీకరించెను. ఇచ్చినది యెవరు, పుచ్చుకొన్నది యెవరు? వియ్యపురాండ్ర నడుమ సారె పళ్లెము అటునుండి యిటు, ఇటునుండి యటు పోయినట్లున్నది. నారాయణఖేడు బీళ్లకు సింగూరునుండి నీరు తెచ్చుటకై 2022 ఫిబ్రవరి 21న శంకుస్థాపన జరిగిన ఎత్తిపోతల పథకమునకును బసవేశ్వరుని పేరే పెట్టిరి.

నీటి ప్రసక్తి వచ్చినది గనుక మంజీరను గూర్చి రెండు మాటలు. ఈ నది మహారాష్ట్రమున బీడు జిల్లాలో, బాలాఘాటు కొండలలో పుట్టును. లాతూరు ప్రాంతమును తడిపి, బీదరు సీమను చుట్టి, మన మనూరు వైపు వచ్చి, సింగూరు జలాశయమును నింపి, నిజాముసాగరము చేరి, తుదకు కందకుర్తి వద్ద గోదావరిలో కలియును. ప్రయాణము ఏడువందల కిలోమీటర్లకు పైబడి. సింగూరు పట్టుబడి దాదాపు 30 టీయెంసీలు. హైదరాబాదు నగరపు కుళాయిలకు ఆ నీరు పోయినది. అంతటి నది 2016 వేసవిలో ఎండినది. పైనున్న లాతూరు పట్టణవాసులకు త్రాగునీరు లేక, ఏప్రిలు నెలలో మిరజ్ నుండి దాదాపు 340 కిలోమీటర్ల దూరము రైలుబండిలో నీరు తెచ్చి పోసిరి. ఆ వేసవిలోనే మన సింగూరు అడుగంటెను. మరాఠీబిడ్డ దప్పికయు, తెలుగుబిడ్డ దప్పికయు ఒక్క యేటివే. పిల్లవానిచేత నదుల పట్టిక వల్లింపజేయుటకంటె, ఇంటి బిందెలోని నీరు ఏయే భాషల యూళ్లు దాటి వచ్చినదో వ్రాయింపుడు.

ఇప్పుడు వంటింటికి వత్తము. మనము జొన్న యనుదుము. కన్నడమువారు జోళ యందురు. మరాఠీవారు జ్వారీ, ఉర్దూవారు జవార్. మన జొన్నరొట్టె అక్కడ జోళద రొట్టి, ఆవల భాకరీ. కంది కన్నడమున తొగరి, మరాఠీలో తూర్. శనగ కడలెయు, హర్‌బరాయు నగును. పెసలు హెసరు అగుట చూడుడు: మన 'ప'కారమునకు బదులు కన్నడమున 'హ'కారము వచ్చును. పాలు హాలు, పువ్వు హూవు, పది హత్తు. ప్రాచీనకన్నడమున నదియు 'ప'కారమే. మన పేరు అను మాటకును అచ్చట హెసరు అనియే పేరు! క్రొత్తకోడలిని అత్త "నిన్న హెసరేను?" అని యడిగినప్పుడు ఆమె పెసలడబ్బా కొరకు వెదకినచో తప్పేమి? ఈ యొక్క సూత్రము తెలిసిన పిల్లకు కన్నడము సగము వచ్చినట్లే యని నే ననను. కాని భయము పోవును. లిపి విషయమున మరింత సులువు. తెలుగు, కన్నడ లిపులు ఒక్క తల్లి బిడ్డలు. తెలుగు చదువు వచ్చినవారు బీదరు బస్సు పలకను కొంచెము కూడబలుకుకొని చదువవచ్చును.

పండుగలలోను ఇట్టిదే. మార్గశిర అమావాస్య నాడు, జొన్నచేలు నిలువెత్తు పెరిగిన సమయమున, ఈ సరిహద్దుసీమ రైతుకుటుంబములు పొలమునకు పోయి, చేనిలో జొన్నదంటులతో చిన్నపందిరి వేసి పూజించి, బంధుమిత్రులతో అచ్చటనే భుజింతురు. పలు పప్పులు, ఆకుకూరలు కలిపి వండిన భజ్జి, సజ్జరొట్టెలు, జొన్నపిండితో కాచిన పుల్లని అంబలి ఆనాటి వంటలు. మనవారు ఎల్లమావాస్య యందురు. బీదరులో ఎళ్ళ అమావాస్య. లాతూరులో వేళ అమావాస్య. మూడు ప్రభుత్వముల పంచాంగములలో వేర్వేరు సెలవులున్నను చేనిలోని విందు ఒక్కటే. సంక్రాంతినాడు కన్నడస్త్రీలు పంచు నువ్వులు బెల్లమును, మరాఠీస్త్రీలు పసుపుకుంకుమలతో నిచ్చు తిలగుళమును మన పేరంటములకు చుట్టములే. ఈసారి ఎల్లమావాస్యకు తండాలోని సహాధ్యాయినిని కూడ చేనికి పిలుచుకొని రమ్మని మీ కూతురితో చెప్పి చూడుడు.

బడుల సంగతి కొంచెము. 2018లో తెలంగాణప్రభుత్వము అన్ని విధముల పాఠశాలలలోను తెలుగును నిర్బంధముగా నేర్పవలెనని శాసనము చేసెను. 2022–23 నుండి ప్రభుత్వపాఠశాలలలో ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. రెండును అవసరమునుబట్టి వచ్చినవే. నేను తప్పు పట్టను. కాని యింట గోర్ బోలీయో, కన్నడమో పలికి వచ్చిన ఆరేండ్ల బిడ్డకు తెలుగే పరభాష, ఆంగ్లము అంతకు మించిన పరభాష. ఆమెకు మొదటి యేడాది ఇంటిమాటలో నాలుగు పలుకులు పలుకు ఉపాధ్యాయిని యవసరము. 1969లో మైసూరున స్థాపితమైన భారతీయభాషల కేంద్రసంస్థ, ఉపాధ్యాయులకు పొరుగుభాషలు నేర్పుటకై ప్రాంతీయకేంద్రములను నడుపుచు వచ్చినది. సరిహద్దు మండలములలో పని చేయువారిని ముందుగా నట్టి శిక్షణకు పంపుట న్యాయము. చెరకు నరకుటకై తల్లిదండ్రులతో నెలల తరబడి పరప్రాంతములకు పోవు తండాపిల్లల పని మరియు దుర్ఘటము. తెలుగు బడి నడుమ విడిచి, కన్నడమో మరాఠీయో వినుచు చెరకుతోటలో గడపి, మరల వచ్చినప్పుడు తరగతి వారిని విడిచి ముందుకు పోయియుండును. ఆ బాలిక మూడు భాషలు వినవచ్చిన పిల్ల. బడి దృష్టిలో వెనుకబడిన పిల్ల. ఈ లెక్క యెచ్చటనో తప్పినది.

స్త్రీలు తలపెట్టినచో నేమగునో జహీరాబాదు ప్రాంతమున చూడవచ్చును. మాచనూరు గ్రామమునుండి 2008లో సంగం రేడియో యను గ్రామీణ ప్రసారకేంద్ర మారంభమైనది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘముల స్త్రీలే, పొలముపనులు చేసికొను దళితస్త్రీలే, దానిని నడుపుటకు నేర్చిరి. విత్తనములు, పాటలు, మందుచెట్లు, పండుగలు వారి విషయములు. పట్నపు తెలుగు గాక వారి యింటి తెలుగే ప్రసారభాష. ఆ సంస్థను మొదలుపెట్టినవారిలో ముఖ్యులైన పి. వి. సతీశ్ గారు మైసూరునుండి వచ్చిన కన్నడిగులు, 2023లో కీర్తిశేషులైరి. అచ్చటి స్త్రీలే చలనచిత్రములు తీయ నేర్చి, ఆఫ్రికాఖండపు రైతులను గూర్చియు చిత్రము తీసిరి. అవ్వభాషకు సిగ్గుపడనక్కరలేదని వారెవ్వరికిని ఉపన్యసింపలేదు. ఆ భాషలోనే మాటలాడిరి.

సెలవులలో పిల్లలచేత చేయింపదగిన పనియొకటి చెప్పి విరమింతును. ఒక పెద్దకాగితముపై మీ యూరిని నడుమ గుర్తింపుడు. అవ్వ పుట్టినయూరు, అమ్మమ్మ పుట్టినయూరు, మీ పుట్టినిల్లు, తోడికోడలి పుట్టినిల్లు, మేనత్తల నిచ్చిన యూళ్లు, ఒక్కొక్కటి వెదకి చుక్క పెట్టించి, మీ యూరికి గీతలు గీయింపుడు. ప్రతిచుక్క చెంత ఆ స్త్రీ పుట్టినింట పలికిన భాషను, ఆమె తెచ్చిన యొక వంటను, ఒక మాటను వ్రాయింపుడు. పాఠశాలల భూగోళపటములలో ఈ గీతలుండవు. స్త్రీలు నడచిన దారులు గదా. నారాయణఖేడు సీమ యిండ్లలో నట్టి పటము గీచినచో రెండు మూడు గీతలైనను రాష్ట్రపు టెల్లను దాటకమానవు. అచ్చట పిల్ల పెన్సిలు నిలిపి, "అవ్వా, నీది వేరే రాష్ట్రమా?" అని యడుగును. అవ్వ డెబ్బదియైదేండ్లు దాటిన ఉద్గీరు ఆడుబిడ్డయైనచో, "నేను పుట్టినప్పు డదియు ఇదియు ఒక్క బీదరు జిల్లాయే బిడ్డా" అనును.